తడిగుడ్డ సీను

ఆ ఏడాది ఆనందంలో మన రాష్ట్రం బాగా వెనకబడిపోయింది. ఎవరో పెద్దలు దేశమంతా తిరిగి, ఎక్కడివాళ్ళు ఎంత సంతోషంగా ఉన్నారో కొలిచి, వరసలు కట్టి పేపర్లో వేశారు. మన పేరు వెతుక్కోవాలంటే వేలు కిందికి, ఇంకా కిందికి పోవలసి వచ్చింది. ప్రభుత్వం వారు కలవరపడి కారణం కనిపెట్టమని ఒక సంఘాన్ని వేశారు. కుళాయిలో నీళ్ళు రాకపోవడం, చదివినవాడికి ఉద్యోగం దొరక్కపోవడం లాంటి చిల్లర విషయాలన్నీ పక్కకి నెట్టి, జనం సినిమాల్లో చావులు చూసి దిగులు పడిపోతున్నారని ఆ సంఘం తేల్చింది. అలా పుట్టింది రాష్ట్ర చలనచిత్ర ప్రసన్నతా మండలి.

మండలి నియమం ఒక్కటే. ప్రేక్షకుడు హాల్లోకి వెళ్ళేటప్పుడు ఎంత సంతోషంగా ఉన్నాడో, బయటికొచ్చేటప్పుడు అంతకంటె తక్కువ సంతోషంగా ఉండకూడదు. ఇది కొలవడానికి గుమ్మం దగ్గర ఒక యంత్రం పెట్టారు. మనిషి పెదవుల కొసలు ఎంతవరకు సాగాయో చూసి అది మార్కులు వేస్తుంది. మార్కులు తగ్గిన సినిమాకి ప్రసన్నతా పత్రం రాదు. పత్రం రాని సినిమా విడుదల కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే యర్రంశెట్టి మార్కండేయులు అంత్యక్రియల మీద సినిమా తీసి కూర్చున్నాడు.

మార్కండేయులు అంతకుముందు పెళ్ళి సినిమాలు తీసేవాడు. అలాంటి సినిమాకి ఊటీలో పాట తీస్తూ ఉండగా కాకినాడలో వాళ్ళ నాన్న పోయాడు. కబురు అంది, కొండ దిగి, రైలెక్కి ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. నాన్న ముఖం చూడనే లేదు. చూడకపోయేసరికి ఏడుపు కూడా రాలేదు. గుండె నిబ్బరం గల కుర్రాడని పలకరించడానికొచ్చిన వాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు తలుచుకుంటే అతనికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

కొన్నేళ్ళ తర్వాత అతని చేతికి 'గులాబీ రంగు నిద్ర' అనే నవల వచ్చింది. రాసినావిడ శ్యామలాంబ గారు, రాజమండ్రి. ఆవిడ భర్త అమెరికాలోని ఒహాయోలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుంటూ ఆ చలిలోనే కన్నుమూశాడు. అక్కడి అంత్యక్రియల కంపెనీ వాళ్ళు ఆయన్ని తీసుకుపోయి, ఒంట్లోకి మందులెక్కించి, బుగ్గలకి గులాబీ రంగు పూసి, పెదవులకి చిరునవ్వు దిద్ది, బతికుండగా ఏనాడూ కట్టని టై కట్టి, పట్టు పరుపు వేసిన పెట్టెలో పడుకోబెట్టారు. వాళ్ళ దగ్గర ఎవరూ చచ్చిపోరు. అందరూ విశ్రాంతి తీసుకుంటూ ఉంటారు. బుగ్గలకి రంగు ఎంత పూయాలి, తలగడ ఎంత ఎత్తుండాలి, పెట్టెకి ఏ రంగు కుచ్చులైతే ఆయన ఒంటిరంగుకి నప్పుతాయి అని ముందే ఆవిణ్ణి అడిగారు. ఇదంతా ఆవిడ చదివేవాళ్ళ కడుపు చెక్కలయ్యేలా రాసింది. చివరి అధ్యాయం మాత్రం అలా ఉండదు. వచ్చినవాళ్ళందరూ 'ఎంత ప్రశాంతంగా ఉన్నారో' అనేసి వెళ్ళిపోయాక, ఆవిడ ఒక గుడ్డ తడిపి ఆ రంగంతా తుడిచేస్తుంది. కిందనుంచి మొగుడి ముఖం బయటికొస్తుంది. గడ్డం కింద గాటు, కళ్ళ కింద అలసట, అన్నీ ఆయనవే. అప్పుడు ఏడుస్తుంది.

ఆ పేజీ దగ్గర మార్కండేయులికి ఏడుపు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. అది తెర మీద చూస్తే గాని తనకు నాన్న పోయినట్టు కాదని అతనికి అనిపించింది. ఆ ఒక్క సీను కోసమే సినిమా తీశాడంటే అబద్ధం కాదు.

"కథ నీ ఇష్టం వచ్చినట్టు మార్చుకో నాయనా," అంది శ్యామలాంబ గారు హక్కులిచ్చేటప్పుడు. "తడిగుడ్డ సీను మాత్రం ముట్టుకోకు."

"ఒక్క ఫ్రేము కూడా కొయ్యనండి," అని మార్కండేయులు ఆవిడ చేతిలో చెయ్యి వేసి చెప్పాడు.

పెట్టుబడి పెట్టినాయన భీమవరం రొయ్యల చెరువుల జంపన బుల్లిరాజు. కథ మొత్తం విని, "అమెరికా అంటున్నారు కదండీ, అయితే ఓకేనండి," అన్నాడు. చావు సంగతి ఆయన చెవిన పడిందో లేదో ఎవరికీ తెలియదు.

మండలి ఆఫీసు గోడలన్నిటికీ లేత గులాబీ రంగు వేయించారు. అధ్యక్షులు పులిపాక ప్రహ్లాదరావు గారు అదివరకు మత్స్యశాఖలో పెద్ద ఉద్యోగం చేశారు. చేపల సంతోషం గురించి పట్టించుకోవలసిన అవసరం అక్కడ రాలేదు గాని, ఇక్కడికి వచ్చాక ఆయన ముఖం మీద చిరునవ్వు ఒకటి పెట్టుకుని, ఆఫీసు వేళల్లో దాన్ని దించడం మానేశారు. పక్కన కూర్చున్నది డాక్టర్ నీలవేణి గారు. ఆవిడ విదేశంలో కొన్నాళ్ళు ఆనందం చదువుకుని వచ్చారు.

సినిమా చూసి లైట్లు వేశాక అధ్యక్షులు గొంతు సవరించుకున్నారు.

"మార్కండేయులు గారూ, యముణ్ణి గెలిచినవాని పేరు తమరికి ఉన్నది. అయినను తమ చిత్రమున మొదటి పది నిమిషాలలోనే ఒక వ్యక్తి మరణించుట మండలి దృష్టికి వచ్చినది."

"అంత్యక్రియల సినిమా అండి. ఎవరో ఒకరు పోవాలి కదండీ."

"పోవచ్చును. మరణించరాదు."

నీలవేణి గారు అందుకున్నారు.

"మరణం అనేది ప్రతికూల పదం సార్. వినగానే పెదవులు కిందికి జారతాయి. దాని స్థానంలో విశ్రాంతి అనే పదాన్ని పరిశీలించగలరు."

"అమ్మా, నవల వెక్కిరించేది దాన్నేనండి. ఆ కంపెనీవాళ్ళు చావుని చావు అననివ్వరు. అది చూసి నవ్వాలని..."

"ఆ కంపెనీ వారిని మేము ప్రత్యేకముగా గమనించితిమి," అన్నారు అధ్యక్షులు ఆప్యాయంగా. "ఎంత బాధ్యతగల సంస్థ. మన నియమము రాకమునుపే, ఎవరును ఆదేశించకుండగనే, ఆచరించుచున్నారు. చిత్రమంతటిలో మండలికి నచ్చిన పాత్ర అదియే. వారి చిరునామా ఉన్నచో ఇప్పించవలెను."

మండలి అభ్యంతరం చెబితే వాదించడానికి మార్కండేయులు సిద్ధపడి వచ్చాడు. మెచ్చుకుంటే ఏం చెయ్యాలో ఆలోచించుకోలేదు. శ్యామలాంబ గారు తిట్టాలని రాసినదాన్నంతా వీళ్ళు సిఫార్సు అనుకున్నారని బయటికి వచ్చాక గాని అతనికి పూర్తిగా అర్థం కాలేదు. తలగడ ఎత్తు అడిగే సన్నివేశం గురించి నీలవేణి గారు తన పుస్తకంలో 'ఆదర్శప్రాయం' అని రాసుకోవడం అతను కళ్ళారా చూశాడు.

సరే, మాటలే కదా అని డబ్బింగులో మార్చాడు. సినిమాలో డాక్టరు తల వంచుకుని బయటికొచ్చి, "ఆయన విశ్రాంతి తీసుకుంటున్నారమ్మా, అభినందనలు," అన్నాడు. తడిగుడ్డ సీను క్షేమంగా ఉంది. అతనికి కావలసింది అదే.

రెండోసారి చూశాక మండలికి కొత్త చిక్కు వచ్చింది.

"తమరి పాత్ర విశ్రాంతి తీసుకొనుచున్నట్లు ఇప్పుడు స్పష్టమైనది. సంతోషము," అన్నారు ప్రహ్లాదరావు గారు. "అయితే విశ్రాంతి తీసుకొనుచున్న వ్యక్తిని పెట్టెలో పెట్టి మేకులు కొట్టి భూస్థాపితము చేయుట నేరము. తమ చిత్రము నేరమును ప్రోత్సహించుచున్నట్లు మండలి భావించుచున్నది."

"ఆయన చచ్చిపోయాడండి. అందుకే పాతిపెడుతున్నారు."

"ఆ మాట తమరు వెనుకటి సమావేశమున ఉపసంహరించుకొనియున్నారు."

నిజమే, ఉపసంహరించుకున్నాడు. సంతకం కూడా పెట్టాడు.

"మరి పాతిపెట్టకపోతే ఆయన్ని ఏం చెయ్యమంటారు?"

"ఇంటికి పంపాలి సార్," అన్నారు నీలవేణి గారు. "కుటుంబంతో గడిపితే మార్కులు పెరుగుతాయి."

శ్మశానం సీన్లన్నీ పోయాయి. పెట్టెని కారులో ఇంటికి తీసుకెళ్ళి హాల్లో పెట్టినట్టు చిన్న ముక్క తీశారు. హాల్లో పెట్టాక బంధువులు పూలగుత్తులతో వస్తారు. పూలగుత్తులతో ఎందుకొచ్చారని మండలి అడిగింది. పుట్టినరోజని బుల్లిరాజు చెప్పేశాడు. పుట్టినరోజైతే పాటేదని మండలి అడిగింది. పాట తీశారు. ముసలి నటుడు పెట్టెలో కదలకుండా పడుకుని ఉంటే చుట్టూ పాతికమంది గెంతారు. మార్కండేయులు ఆ పాట తీస్తూ కెమెరా వెనకాల నిలబడి తన ఊటీ రోజులు గుర్తు చేసుకున్నాడు. పెళ్ళి సినిమాలే నయం, వాటిలో పెళ్ళికొడుకు లేచి నిలబడేవాడు.

"బాధపడకండి డైరెట్రు గారూ," అన్నాడు బుల్లిరాజు. "పరుపుల కంపినీవోళ్ళు ఫోన్ చేశారండి. ఆ పెట్టెలో పరుపు శానా బాగుందంటండి. అది వాళ్ళదేనని ఒక్కసారి చూపిస్తే మొత్తం పబ్లిసిటీ వాళ్ళే చేసుకుంటారంట. ఆయ్, మన బొమ్మకి మంచి రోజులొచ్చినట్టేనండి."

"రాజుగారూ, మీకు కథ ఇప్పటికైనా అర్థమైందా?"

"ఎందుకవలేదండీ. ఒకాయనకి నిద్ర పట్టదు. మంచి పెట్టె దొరికాక పడతది."

మార్కండేయులు కాదనలేకపోయాడు. తెర మీద మిగిలిన కథ అదే. అయినా చివర్లో ఆ పరుపు మీద పడుకున్న ముఖాన్ని ఒకావిడ తడిగుడ్డతో తుడుస్తుంది. అది చూస్తే చాలు, ముందున్నదంతా ఏమిటో చూసేవాడికి ఒక్కసారిగా తెలిసిపోతుంది. అతను ఆ నమ్మకం మీదే బతుకుతున్నాడు.

మూడోసారి ఆ సీను దగ్గరికే వచ్చారు.

"ఈ సన్నివేశమున ఒక మహిళ, ప్రసన్నముగా ఉన్న ముఖమును అప్రసన్నముగా మార్చుచున్నది," అన్నారు అధ్యక్షులు. అలా అంటున్నప్పుడు కూడా ఆయన చిరునవ్వు చెక్కుచెదరలేదు. "మండలి ఉద్దేశమునకు ఇది పూర్తిగా విరుద్ధము. ఆపైన రోదనము."

"సార్, మీరు చెప్పినవన్నీ మార్చాను. శవాన్ని నిద్రపుచ్చాను. పాట పెట్టాను. ఈ సీను మాత్రం ఒక్క ఫ్రేము కొయ్యనని పెద్దావిడకి మాటిచ్చానండి. ఇది పోతే నాకీ సినిమా అక్కర్లేదు."

బుల్లిరాజు గాభరాగా అతని మోచెయ్యి పట్టుకున్నాడు. అధ్యక్షులు మాత్రం కరుణగా చూశారు.

"కోయుమని ఎవరు కోరినారు? కళాకారుల ఆత్మగౌరవము మండలికి శిరోధార్యము. నీలవేణి గారూ, శాస్త్రీయ పరిష్కారము ఏమైనను కలదా?"

కలదు. నీలవేణి గారు విదేశంలో నేర్చుకుని వచ్చినదే. సీనుని తిరగేసి నడిపించాలి.

ఎడిటరు అక్కడికక్కడే కంప్యూటర్లో వెనక్కి నడిపి చూపించాడు. ముందు ఆవిడ ఏడుస్తూ ఉంది. కన్నీళ్ళు చెంపల మీంచి పైకి పాకి కళ్ళలోకి వెళ్ళిపోయాయి. అలసిపోయి ఉన్న మొగుడి ముఖం మీద ఆవిడ గుడ్డ ఆడించింది. గుడ్డ తగిలినచోటల్లా గులాబీ రంగు వచ్చింది, పెదవుల మీద చిరునవ్వు వచ్చింది. బేసినులోకి పిండిన నీళ్ళు లేచి గుడ్డలోకి వెళ్ళాయి. అతిథులు వెనక్కి నడుచుకుంటూ వచ్చి, పెట్టిన నమస్కారాలు తిరిగి తీసుకున్నారు. ఆఖరికి ఆవిడ పొడి కళ్ళతో, అతిథుల కోసం తెచ్చిపెట్టుకున్న నవ్వుతో నిలబడింది.

నీలవేణి గారు చప్పట్లు కొట్టారు.

"చూచితిరా," అన్నారు అధ్యక్షులు. "ఒక్క ఫ్రేమును కోయలేదు. లెక్కకు లెక్క సరి. తమ మాట తమరికి దక్కినది, మా నియమము మాకు దక్కినది."

తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళని మార్కండేయులు సినిమా ఫీల్డులో చాలామందిని చూశాడు. తడిగుడ్డ సీనునే తీసుకుని ఇంత మర్యాదగా కోసినవాళ్ళని చూడ్డం ఇదే మొదలు. ఎదురు చెప్పడానికి నోరు తెరిచాడు. బుల్లిరాజు చేతులు జోడించాడు.

"బాబ్బాబు, రిలీజవ్వకపోతే మా ఊళ్ళో తలెత్తుకోలేనండి. ముక్క కొయ్యలేదు కదండీ. అటుది ఇటయ్యింది, అంతేగా."

ముక్క కొయ్యలేదు కదా అని మార్కండేయులు కూడా అనుకున్నాడు. ఆ మాట మనసులో ఎన్నిసార్లు అనుకున్నా నమ్మకం కుదరలేదు. అయినా సంతకం పెట్టాడు. శ్యామలాంబ గారికి ఫోన్ చేసి, సీను మొత్తం ఉందని, చూడ్డానికి రమ్మని మాత్రం చెప్పాడు. ఎలా ఉందో చెప్పలేదు.

మండలి సొంత హాల్లో ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటు చేశారు. నడి వేసవి. లోపల మాత్రం చల్లగా ఏసీ, ఎక్కడచూసినా తెల్లపూలు, సన్నటి సంగీతం, గులాబీ రంగు దీపాలు. ముందురోజే తెరకి కొత్తగా వెండిపూత వేయించారట, హాలంతా ఆ వాసన. మార్కండేయులికి పట్టుశాలువా కప్పి ముందువరస పక్కన నిలబెట్టారు. విశ్రాంతి సమయంలో పెద్దమనుషులు ఒక్కొక్కరే వరసలో వచ్చారు. అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, గొంతు తగ్గించి మాట్లాడారు.

"ఎంత ప్రశాంతంగా ఉందండీ మీ సినిమా."

"కోత పెట్టినట్టు ఎక్కడా తెలియడం లేదు. బాగా కుదిర్చారు."

"చూస్తూ ఉంటే అచ్చం ప్రాణం ఉన్నట్టే ఉందండి."

ఈ మాటలు తను ఇదివరకు విన్నాడనిపించింది మార్కండేయులికి. ఎక్కడ విన్నాడో అప్పుడు గుర్తొచ్చింది. విన్నది కాదు, చదివాడు. నవలలో ఒహాయో హాల్లో, పెట్టె పక్కన వరసలో నిలబడి, జనం శ్యామలాంబ గారితో అన్న మాటలే ఇవి. తను నిలబడింది కూడా ఆవిడ నిలబడ్డచోటే. ఎదురుగా పడుకున్నది తన సినిమా.

శ్యామలాంబ గారు ఆలస్యంగా వచ్చింది. రైలు దిగి ఎండలో ఆటో ఎక్కి వచ్చినట్టుంది, నెత్తిమీద తడిపిన తువ్వాలు వేసుకుని ఉంది. ముందువరసలో కూర్చుని, తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. పుట్టినరోజు పాట అయిపోయాక ఒక్క ముక్క అడిగింది.

"ఇది మన కథేనా నాయనా?"

మార్కండేయులు భుజం మీద శాలువా సర్దుకున్నాడు.

చివరి సీను వచ్చింది. కన్నీళ్ళు పైకి పాకాయి. హాల్లో ముచ్చటగా నవ్వులు వినిపించాయి. గుడ్డ తగిలినచోటల్లా రంగు వచ్చింది. తెర నిండా నటుడి ముఖం, గులాబీ బుగ్గలతో, చిరునవ్వుతో నిలిచింది.

శ్యామలాంబ గారు లేచింది. మెల్లిగా నడిచి, మెట్టెక్కి, తెర దగ్గరికి వెళ్ళి, తన తడి తువ్వాలుతో ఆ చిరునవ్వుని తుడవడం మొదలుపెట్టింది.

జనం ఇది కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. మార్కండేయులు పరుగున వెళ్ళాడు.

"అమ్మా, అది తెరండి."

"తెలుసు," అంది ఆవిడ తుడవడం ఆపకుండా. "ఈయనకి మళ్ళీ పూసేశారు."

"ఒక్క ఫ్రేము కూడా కొయ్యలేదండి. మీకిచ్చిన మాట..."

"కోసినా బావుండేది. ఒహాయోలో వాళ్ళు రంగు పూసే ముందు నన్ను అడిగారు నాయనా. నువ్వు అడగను కూడా లేదు."

ఆ మాట మార్కండేయులికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆవిడ అరచెయ్యి నల్లగా అయింది. కొత్త వెండిపూత తువ్వాలుకి అంటుకుని వస్తోంది. పెదవుల కొసల వరకే ఆవిడకి అందుతోంది.

"పైన నాకందడం లేదు. నువ్వు పొడుగ్గా ఉన్నావు కదా. తుడువు."

మార్కండేయులు భుజం మీద పట్టుశాలువా తీశాడు. ముందువరసలో అధ్యక్షుల వారి కోసం పెట్టిన నీళ్ళసీసా అందుకుని శాలువా మీద గుమ్మరించాడు. ఆవిడ పక్కన నిలబడి తుడిచాడు. తుడుస్తున్నకొద్దీ ఆ ముఖం మీద మచ్చలు పడ్డాయి, చిరునవ్వు చెరిగింది. అప్పుడు అది ఎవరి ముఖమో అతనికి తెలియలేదు. నటుడిది కాదు, ఆ ప్రొఫెసరుదీ కాదు. కాకినాడలో తను చూడకుండా వదిలేసిన ముఖం అలాగే అలిసిపోయి ఉండేదేమో అనుకున్నాడు. అంతవరకూ గొంతులో ఆగినదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. అంతమంది ముందు, నోరంతా తెరిచి, భోరున ఏడ్చాడు. శ్యామలాంబ గారు అతని వీపు నిమురుతూ నిలబడింది.

వాళ్ళిద్దరూ ఆ ముఖాలతోనే గుమ్మం దాటారు. యంత్రం వాళ్ళ పెదవుల కొసలు కొలిచింది. ఏడ్చినప్పుడు కూడా పెదవులు బాగానే సాగుతాయన్న సంగతి దానికెవరూ చెప్పలేదు. దాన్ని పెట్టినప్పటినుంచి ఎవరికీ రానన్ని మార్కులు వాళ్ళిద్దరికీ వచ్చాయి. మర్నాడు మండలి పత్రికా ప్రకటన వెలువరించింది. 'చిత్రమును తిలకించి ఆనందము పట్టజాలక ఒక వృద్ధ మహిళ తెరను ఆప్యాయముగా నిమురగా, దర్శకులు హర్షాతిరేకమున గొంతెత్తినారు. ఇట్టి ప్రసన్నత మండలి చరిత్రలో అపూర్వము.' సినిమాకి పరమ ప్రసన్న పత్రం ఇచ్చారు. అది నిద్ర సినిమాగా ఆడి, పరుపుల కంపెనీకి మంచి పేరు తెచ్చింది. దర్శకుడిగా తన పేరు వద్దని మార్కండేయులు రాసిచ్చాడు. అతని వినయాన్ని కూడా మండలి మెచ్చుకుంది.

ఆ హాల్లో తెర మీద మచ్చ మాత్రం ఉండిపోయింది. దాని మీద ఎన్ని పూతలు వేయించినా ఆరాక మళ్ళీ తేలుతోంది. అక్కడ ప్రతి సినిమాకీ ముందు ప్రహ్లాదరావు గారి సందేశం వేస్తారు. ఆయన ముఖం తెర నిండా వచ్చినప్పుడు మచ్చ సరిగ్గా పెదవుల మీద పడుతుంది. చిరునవ్వు కనిపించదు. వయసు మళ్ళిన, బాగా అలసిపోయిన ఒక మనిషి కనిపిస్తాడు.

ఒకరోజు సందేశం అయిపోయాక నీలవేణి గారు పక్కకి తిరిగి, "సార్, మీకు ఒంట్లో బాగుంటోందా?" అని అడిగారట. ఆయన్ని ఆ మాట అడిగినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. ఆయన లేచి, పక్కగదిలోకి వెళ్ళి, చాలాసేపు ముఖం కడుక్కున్నారట.